రూజ్‌వెల్ట్ ‘సందేహాల నది’ యాత్ర (1914): 22 మంది, 7 దోనెలు, 50 రోజుల తిండి. లెక్క ఎక్కడ తప్పింది?

గోదారిగట్టు అడిగిన ప్రశ్న:

అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1912 ఎన్నికల్లో ఓడిపోయాక బ్రెజిల్ అడవిలోకి వెళ్ళి, పటంలో లేని ఒక నది వెంట దిగి, చావు తప్పి బయటపడ్డాడని అందరికీ తెలుసు. తెలుగులో ఎక్కడ చూసినా ఆ సాహసం, ఆ గుండె ధైర్యం, పిరాన్యా చేపలు, అంతే. పని ఎలా జరిగిందో ఎవరూ రాయరు. నా సందేహాలు ఇవి:

నది పొడవెంతో తెలియకుండా 50 రోజుల తిండి అని ఎలా లెక్క కట్టారు? బరువైన దోనెల్ని జలపాతాలు దాటించింది ఎలా? నదిని కొలుస్తూ పటం గీయడానికి ఏ పద్ధతి వాడారు? అంత పెద్ద అడవిలో వేటాడి తినలేకపోయారా?

తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

---

పాతపటాలు:

గోదారిగట్టు గారూ, లెక్క తప్పింది నదిలో కాదండీ, నది చేరకముందే తప్పింది. తెచ్చుకున్న సరంజామా ఒక ప్రయాణానిది, చేసింది ఇంకో ప్రయాణం.

మొదట అనుకున్నది తెలిసిన నదుల మీద తిరిగే యాత్ర. ఫాదర్ జామ్ అనే క్రైస్తవ మతాచార్యుడి ఆలోచన అది. సామాను కొనే పని ఆంథొనీ ఫియాలాకి అప్పగించారు. అంతకుముందు ఆయన అనుభవం ఉత్తర ధ్రువపు మంచులో. 1913 అక్టోబరులో రియో ద జనీరోలో బ్రెజిల్ విదేశాంగ మంత్రి లావ్రో ములర్, ఊరూ పేరూ తెలియని ఒక నది ఉంది, దాని వెంట దిగుతారా అని అడిగాడు. రూజ్‌వెల్ట్ సరేనన్నాడు. సరుకు అప్పటికే పెట్టెలకెక్కింది.

ఆ నది పుట్టుక దగ్గరి పాయను కర్నల్ కాందిదో రొండన్ 1909లో, టెలిగ్రాఫ్ తీగల కోసం అడవి సర్వే చేస్తున్నప్పుడు చూశాడు. అది మదీరాలో కలుస్తుందో, జీ-పరనాలో కలుస్తుందో, తపజోస్ వైపు పోతుందో తేలక ‘రియో ద దూవిదా’ అన్నాడు. అంటే సందేహాల నది. మొదటిదైతే చాలా పొడవు, రెండోదైతే కొద్ది రోజుల పని. తిండి ఎంత కావాలో తెలియకపోవడానికి మూలం ఇదే.

ఇక నది దాకా నడక. 1914 జనవరి 21న తపిరపోవాన్‌లో బయల్దేరి కంచర గాడిదలు, ఎద్దుల మీద బరువులేసుకుని పీఠభూమి దాటడానికి ఐదు వారాలు పట్టింది. వానాకాలం, మేత లేదు. పశువులు చచ్చాయి, కొన్ని మూటలు విదిలించుకుని పోయాయి. దారి పొడుగునా సామాను వదిలేస్తూ వెళ్ళారు. తేలికైన, గుడ్డ తొడుగు ఉన్న కెనడా పడవలు కూడా అలాగే ఈ నది దాకా రాలేదు. పరిగెత్తే నీళ్ళలో మనిషి భుజాన మోసుకుపోదగ్గ పడవలు అవే.

బదులు దొరికినవి అక్కడి నంబిక్వారా ఆదివాసుల దగ్గరి ఏడు ఒంటిమాను దోనెలు. ఒకటి చిన్నది, ఒకటి నిలకడ లేనిది, రెండు పాతబడి నీళ్ళు పీల్చి కారుతున్నవి. బాగున్నవి మూడే.

మనుషుల్ని కూడా తగ్గించారు. ఫాదర్ జామ్‌ని వెనక్కి పంపారు, ఫియాలాని వేరే నదికి మళ్ళించారు. ఫిబ్రవరి 27న దిగింది 22 మంది: రూజ్‌వెల్ట్, కొడుకు కెర్మిట్, పక్షిశాస్త్రవేత్త జార్జ్ చెరీ, రొండన్, లెఫ్టినెంట్ లీరా, డాక్టర్ కజజైరా, తెడ్లు వేసే 16 మంది కామరాడాలు.

50 రోజుల తిండి అన్నది కూడా కడుపు నిండా తింటే వచ్చే లెక్క కాదు. కొంత వేట, కొంత చేప దొరుకుతాయని ముందే తీసేసి కట్టిన లెక్క. రబ్బరు పాలు తీసే మొదటి మనుషుల జాడ దొరికింది ఏప్రిల్ 15న, అంటే 48వ రోజు. సహాయ బృందం కాచుకుని ఉన్న అరిపువానా నది సంగమం చేరింది ఏప్రిల్ 26న, 59వ రోజు. మధ్యలో పది రోజుల రేషన్ నీళ్ళపాలైంది. కూడికలు తీసివేతలు మీరే చేసుకోండి.

---

రేవుమోకు:

దోనెల సంగతి నేను చెప్తాను. అక్కడ మూడు దారులే ఉంటాయి, మూడూ వాడారు.

ఒకటి, సరుకు దించి ఖాళీ దోనెని చేయి తిరిగినవాళ్ళిద్దరు ముగ్గురు తెడ్లతో రాళ్ళ మధ్య నుంచి తీసుకెళ్ళడం. ఉరవడి చిన్నదైతేనే.

రెండు, దోనెకి ముందూ వెనకా మోకులు కట్టి, గట్టు మీద నుంచి పట్టుకుని కొంచెం కొంచెంగా కిందికి వదలడం. ఇందులో ప్రాణం వెనక మోకులో ఉంటుంది. దోనె ముక్కు అడ్డం తిరిగి నీటి వడికి పక్క చూపించిందంటే ఎంతమంది పట్టినా ఆగదు. తాడు వదలాలి, లేదా తాడుతో పాటు నీళ్ళలోకి పోవాలి.

మూడు, గట్టు మీద ఈడ్చడం. మార్చి 2న మొదటి పెద్ద జలపాతాల దగ్గర చేసింది ఇదే. అక్కడ నది ఒకచోట రెండు గజాలైనా లేని ఇరుకులోకి దూరుతుంది. ముందు చెట్లు కొట్టి దోనె పట్టేంత బాట తీశారు. తర్వాత సన్నపాటి చెట్లు వందలకొద్దీ నరికి, ఆ దుంగల్ని రెండేసి గజాల దూరంలో బాటకి అడ్డంగా పరిచారు. నీళ్ళలోంచి గట్టుకి లాగడానికి మోకు, కప్పీలు. పైకి వచ్చాక మనుషులు ఇద్దరిద్దరుగా కాడికి ఎద్దుల్లా మోకుకి పూని లాగుతుంటే, వెనక ఒకడు గడకర్రతో ఎత్తిపెడుతూ ముందుకి నెట్టాలి. సామాను మోత వేరే. అన్నీ దాటించడానికి రెండున్నర రోజులు పట్టింది. లాగేటప్పుడు దుంగల కుదుపులకి పాత చెక్క చీలుతుంది, చీలిక పూడ్చడానికి మళ్ళీ ఆగాలి.

ఎక్కడెక్కడ పోయాయో చూడండి. మార్చి రెండో వారంలో ఒక రాత్రి నది పొంగింది. నీళ్ళు పీల్చి బరువెక్కిన రెండు పాత దోనెలూ కట్లు తెంచుకుని బండలకి తగిలి ముక్కలయ్యాయి. కట్టు ఊడటానికి కారణం మామూలే: సాయంత్రం ఉన్న నీటి మట్టానికి కట్టారు, రాత్రి మట్టం లేచింది, వడి పెరిగింది, రెండు దోనెల బరువు ఒక్కసారిగా తాడు మీద పడింది. వానాకాలపు నదిలో దోనెని కట్టి వదిలేయకూడదు, గట్టెక్కించాలి. అలసిపోయినవాళ్ళకి అది ఎవరు చెప్తారు?

బదులుగా ఒక చెట్టు పడగొట్టి 26 అడుగుల దోనె తొలిచారు. గొడ్డలితో పైచెక్క తీసి, బాడిశతో లోపల తొలుచుకుంటూ, రాత్రిళ్ళు కొవ్వొత్తుల వెలుగులో కూడా పనిచేశారు. మూడు నాలుగు రోజులు పట్టింది. పచ్చి మాను కాబట్టి బరువు జాస్తి.

మార్చి 15న కెర్మిట్ చిన్న దోనె సుడిలో చిక్కి జలపాతం మీదికి పోయింది. సింప్లిసియో అనే కామరాడా మునిగిపోయాడు. పది రోజుల తిండి అందులోనే ఉంది. మర్నాడు ఆ కొత్త దోనెని మోకులతో వదులుతుంటే అది కూడా చేజారింది. ఈసారి పోయింది దోనె ఒక్కటే కాదు, పెద్ద మోకు, కప్పీలు కూడా. ఇది చాలామంది పట్టించుకోని నష్టం. కప్పీ లేకపోతే బరువైన దోనెని చిన్న గుట్టెక్కించడం కూడా కుదరదు. ఆ రోజు నుంచి మూడో దారి దాదాపు మూసుకుపోయినట్టే, రెండో దారి మీదే బతకాలి.

మిగిలినవి నాలుగు. వాటిని జతలు కట్టి సామాను, జబ్బుపడ్డవాళ్ళని ఎక్కించి, 13 మంది గట్టు వెంట అడవి నరుక్కుంటూ నడిచారు. కొద్ది రోజులకి తేలిక చెక్క చెట్లు దొరికితే ఇంకో రెండు దోనెలు తొలిచారు.

---

గోదారిగట్టు:

ఇద్దరికీ ధన్యవాదాలు. కప్పీల సంగతి నేను ఎక్కడా చదవలేదు. మరి తిండి అయిపోతుంటే పటం గీయడం ఆపి త్వరగా దిగిపోవచ్చు కదా? రొండన్ పట్టుదల వల్లే ఆలస్యమైందంటారు. వేట సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

---

గొలుసుకొలత:

ఆ మాట సగమే నిజం. ముందు పద్ధతి చూడండి.

ముందు దోనెలో కెర్మిట్. అతని దగ్గర నిలువు కర్ర, దాని మీద మీటరు ఎడంలో రెండు బిళ్ళలు: ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. నది ఎగువకీ దిగువకీ ఎక్కువ దూరం కనిపించే చోటు చూసుకుని గట్టెక్కాలి, అడ్డమొచ్చే కొమ్మలు నరకాలి, కర్ర నిలబెట్టాలి. ఆ కొమ్మల్లోనే కందిరీగల తుట్టెలు, కుట్టే చీమలు. వెనక దోనెలోంచి లీరా టెలిమీటర్ అనే దూరం కొలిచే పరికరంతో ఆ రెండు బిళ్ళల మధ్య ఎడం కంటికి ఎంత కనిపిస్తోందో చూసి దూరం కడతాడు. మీటరు ఎడం తెలుసు కాబట్టి, అది ఎంత చిన్నగా కనిపిస్తే కర్ర అంత దూరంలో ఉన్నట్టు. రొండన్ దిక్సూచితో దిశ చూసి పుస్తకంలో రాసుకుంటాడు. తర్వాత వాళ్ళు కెర్మిట్ నిలబడ్డ చోటికి వస్తారు, కెర్మిట్ ఇంకో చోటికి పోతాడు. పొడవు, వంకర రెండూ ఇలా పటమెక్కుతాయి. పగలు సూర్యుణ్ణి చూసి అక్షాంశం కడితే, పోగుపడిన తప్పులు సరిచూసుకోవచ్చు. బయల్దేరిన చోటు దక్షిణ అక్షాంశం 12 డిగ్రీల 1 నిమిషం.

మొదటి రోజు సగం పూటలో కెర్మిట్ దాదాపు వందసార్లు గట్టెక్కాడు. సాగింది తొమ్మిదీ ఒకటిలో మూడోవంతు కిలోమీటర్లు. అంటే ఒక్కో కొలతకి సుమారు 93 మీటర్లు. నది మెలికలు తిరిగిపోతుంటే అంతకంటే దూరం కనిపించదు.

ఇప్పుడు అసలు మాట. మొదటి 18 రోజుల్లో దిగింది 125 కిలోమీటర్లు, రోజుకి ఏడు. కొలుచుకుంటూ సగం పూటలో తొమ్మిది పైన పోగలిగినవాళ్ళు, సగటున రోజుకి ఏడే పోయారంటే కాలు పట్టి లాగింది కర్రా బిళ్ళలా, జలపాతాలా? నది బ్రెజిల్ పీఠభూమి గట్టి రాతి అంచు మీద నుంచి అమెజాన్ పల్లంలోకి దిగుతోంది. ఆ దిగుడంతా జలపాతాలుగానే ఉంటుంది, పటం గీసినా గీయకపోయినా.

అయితే సర్వే వల్ల ఇంకో ప్రమాదం ఉందని ఒప్పుకోవాలి. ఆ పద్ధతిలో అన్నిటికంటే చిన్న దోనె ఎప్పుడూ అందరికంటే ముందుండాలి. ముందేముందో తెలియని నదిలో అది చెడ్డ చోటు. సింప్లిసియో మరణం తర్వాత రూజ్‌వెల్ట్ పట్టుబట్టి ఈ నిలుపుడు కొలత మాన్పించాడు. రొండన్ ఇష్టం లేకుండానే వేగంగా సాగే, కాస్త మోటు పద్ధతికి మారాడు. కొడుకు ప్రాణం ఒకరికి, దేశపు పటం ఇంకొకరికి. ఇద్దరినీ తప్పుపట్టలేం.

---

పాతపటాలు:

గొలుసుకొలత గారి భాగహారం బాగుంది. ఆలస్యానికి సర్వేనే ప్రధాన కారణమని నేనూ అనుకునేవాణ్ణి, ఇప్పుడు అనను. కానీ ఆ 18 రోజుల్లో తిండి మూడోవంతు పైనే ఖర్చయిందని, ఇంకా కనీసం ఐదు రెట్ల దూరం మిగిలి ఉండొచ్చని రూజ్‌వెల్టే లెక్క వేసుకున్నాడు. అలాంటప్పుడు రోజుకి ఒక్క కిలోమీటరు తగ్గినా తేడానే.

---

అడవిబాట:

వేట గురించి. వానలడవి అంటే మృగాలతో కిటకిటలాడుతుందని బయటివాళ్ళకి ఓ నమ్మకం. అక్కడ బతుకంతా నూరడుగుల పైన కొమ్మల్లో ఉంటుంది, కింద నీడ, ఆకుకుళ్ళు తప్ప ఏమీ కనిపించదు. ఒకే జాతి చెట్లు గుంపుగా పెరగవు, ఒకటి ఇక్కడుంటే తోడుది ఎక్కడో ఉంటుంది. కాబట్టి కాయలు తినే జంతువులు కూడా పలచగా చెదిరి ఉంటాయి. కొట్టాలంటే రోజంతా అడవిలో తిరగాలి. వీళ్ళ దగ్గర తిరిగే మనుషులు లేరు, అందరూ దుంగల మీద దోనెలు లాగుతున్నారు. పైగా గొడ్డలి దెబ్బలు, కేకలు విన్న జంతువు ఆ చుట్టుపక్కల నిలబడదు.

చేపలదీ అదే తీరు. నీళ్ళు పొంగి చెట్ల మొదళ్ళు మునిగినప్పుడు చేపలు ఆ చెట్ల మధ్యకి చెదిరిపోతాయి. నీళ్ళు తీసిన కాలంలో మడుగుల్లో దొరికినట్టు అప్పుడు దొరకవు. వీళ్ళు దిగింది సరిగ్గా పొంగు కాలంలో. పడవకి లోతు కావాలంటే పొంగు మంచిది, కడుపుకి అది చెడ్డది.

దొరికినవి: కోతులు, ఒకటీ అరా పక్షులు, పిరాన్యాలు, తేనె, తాటిజాతి చెట్ల మొవ్వు. మొవ్వు తింటే కడుపు నిండినట్టుంటుంది, బలం ఉండదు. దానికోసం చెట్టు మొత్తం కొట్టాలి. బ్రెజిల్ గింజలు కాస్త ఆదుకోవలసింది, ఆ ఏడు కాపు తక్కువ.

ఫియాలా కట్టించిన రేషన్ డబ్బాల్ని మాత్రం మెచ్చుకోవాలి. ఒక్కోటి 27 పౌన్లు, అంటే 12 కిలోల పైచిలుకు. ఐదారుగురికి ఒక రోజుకి సరిపడా తిండి, గాలి చొరని రేకు డబ్బా, నీళ్ళలో పడితే తేలేది. దోనె బోల్తాపడే చోటికి ఇంతకంటే మంచి ఆలోచన లేదు. కానీ తేలితే సరిపోదు కదా, తేలుతూ జలపాతం దాటి పోతే పట్టుకునేవాడు ఉండాలి.

తిండి తగ్గాక మనుషుల మధ్య ఏమవుతుందో కూడా ఈ నదిలోనే తేలింది. జూలియో అనే కామరాడా రేషన్ దొంగిలిస్తూ పట్టుబడ్డాడు. ఏప్రిల్ 3న పైషావ్ అనే సార్జెంటుని తుపాకితో కాల్చి చంపి అడవిలోకి పారిపోయాడు. మూడు రోజుల తర్వాత గట్టు మీద నిలబడి ఎక్కించుకోమని బతిమాలాడు. దోనెలు ఆగలేదు. తర్వాత రొండన్ మనుషుల్ని వెనక్కి పంపి వెతికించాడు, దొరకలేదు.

ఇంకో విషయం: అది ఎవరూ లేని అడవి కాదు. సింతా లార్గా ఆదివాసులు గట్టు వెంట వీళ్ళని గమనిస్తూనే ఉన్నారు. మార్చి 16న రొండన్ కుక్క లోబోని బాణాలతో చంపారు. రొండన్ తిరిగి కాల్పులు జరపలేదు, ఆ చోట కానుకలు పెట్టి వచ్చాడు. 1910లో ఆదివాసుల రక్షణ శాఖకి మొదటి అధిపతి ఆయనే. చావాల్సి వస్తే చావండి, చంపొద్దు అన్నది ఆయన నియమం. వాళ్ళు తలుచుకుని ఉంటే ఆ 22 మందిలో ఒక్కడు కూడా బయటికి వచ్చేవాడు కాదు. సాహసగాథల్లో ఈ ముక్క ఉండదు.

---

మందులపెట్టె:

ఆరోగ్యం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా.

డాక్టర్ కజజైరా అందరికీ రోజూ అరగ్రాము క్వినైన్ ఇచ్చేవాడు, మూడు నాలుగు రోజులకొకసారి రెట్టింపు. దోమే మలేరియా మోస్తుందని సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో చూపించి అప్పటికి పదహారేళ్ళు దాటింది. విషయం అందరికీ తెలుసు, దోమతెరలూ ఉన్నాయి. కానీ పగలంతా నడుములోతు నీళ్ళలో నిలబడి మోకు పట్టేవాడు తెర కప్పుకుని పనిచేయలేడు. చాలామందికి జ్వరాలు వచ్చాయి.

రూజ్‌వెల్ట్‌కి అప్పటికి 55 ఏళ్ళు. మార్చి 27న రాళ్ళలో చిక్కిన రెండు దోనెల్ని విడిపించడానికి నీళ్ళలోకి దూకి, బండకి కాలు కొట్టుకున్నాడు. గాయం చిన్నది. కాని ఎప్పుడూ తడిబట్టలే, తడి బూట్లే, కాలికి విశ్రాంతి లేదు, తిండి సగం. చీము పట్టింది. దాని మీద మలేరియా. ఏప్రిల్ మొదటి వారంలో జ్వరం 40 డిగ్రీలు దాటింది, మాటలు తడబడ్డాయి, మింగించడం కుదరక క్వినైన్ సూదితో ఇచ్చారు. తర్వాత నది ఒడ్డునే, మత్తు లేకుండా, కాలు కోసి చీము తీసి గొట్టం పెట్టాడు డాక్టరు. అప్పటికి పెన్సిలిన్ లేదు, కోసి వదలడమే మందు.

తనని వదిలేసి పొమ్మని రూజ్‌వెల్ట్ అన్నమాట నిజం. అవసరమైతే ప్రాణం తీసుకోవడానికి మార్ఫిన్ సీసా దగ్గరే ఉంచుకున్నాడు. కొడుకు శవాన్నైనా మోసుకుపోయేలా ఉన్నాడని గ్రహించి ఆ ఆలోచన మానుకున్నాడు. అది వైద్యం కాదు, దోనెల లెక్క: శవం బరువు బతికున్న మనిషి బరువుకి తక్కువేం కాదు. సరిగ్గా అప్పుడే, మార్చి చివర్లో, ఒక ఇరుకు లోయ దగ్గర దోనెలు వదిలేసి నడుద్దామని రొండన్ అన్నాడు. నడవలేని మనిషికి అది మరణశిక్ష. వంతెనలు కట్టే పనిలో ఉండి మోకుల లెక్క తెలిసిన కెర్మిట్ కాదని, లీరాతో కలిసి బండల మీద నుంచి ఒక్కో దోనెనే తాళ్ళతో దించాడు. నాలుగు రోజులు పట్టింది, ఒక దోనె పోయింది.

బయటపడేసరికి రూజ్‌వెల్ట్ దాదాపు 25 కిలోలు తగ్గాడు.

---

గోదారిగట్టు:

ఒక్క చివరి ప్రశ్న. తిరిగొచ్చాక ఆ నది అంతా అబద్ధమన్నారట కదా?

---

గొలుసుకొలత:

అన్నారు. లండన్‌లో భూగోళశాస్త్రవేత్త సర్ క్లెమెంట్స్ మార్కమ్ లాంటి పెద్దలు కూడా సందేహించారు. రూజ్‌వెల్ట్ మే 26న వాషింగ్టన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ ముందు, జూన్‌లో లండన్‌లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ముందు నిలబడి వివరించాడు. ఆయన మాటకి దన్నుగా నిలిచినవి రొండన్, లీరా రాసిన కొలతలే. తిండి వదులుకున్నారు, బట్టలు వదులుకున్నారు, ఆ పుస్తకాలు మాత్రం వదల్లేదు. 1927లో జార్జ్ డయట్ అనే అన్వేషకుడు అదే నది వెంట దిగి సరేనన్నాడు. అప్పటికి రూజ్‌వెల్ట్ పోయి ఎనిమిదేళ్ళు.

పొడవు గురించి అక్కడా ఇక్కడా వేరువేరు అంకెలు కనిపిస్తే కంగారు పడకండి. సంగమం వరకే కొలిస్తే సుమారు 760 కిలోమీటర్లు. రూజ్‌వెల్ట్ చెప్పిన 1,500 కిలోమీటర్లు, కలిసిన తర్వాత అరిపువానా పేరుతో మదీరా దాకా పోయే భాగాన్ని కూడా కలుపుకున్నది. మార్చి 18న రొండన్ అడవిలోనే అందరినీ వరసగా నిలబెట్టి పేరు మార్చిన నది ఇదే. ఇప్పటి పటాల్లో రియో రూజ్‌వెల్ట్ అని వెతకండి, రొండోనియా రాష్ట్రం తూర్పు వైపు కనిపిస్తుంది. ఆ రాష్ట్రానికి పేరు ఎవరిదో చెప్పక్కర్లేదనుకుంటా.